గానుగ గేర్‌బాక్స్‌కు ఏ ఆయిల్? మామూలుదీ సింథటిక్కూ పోసి చూసిన పది నెలల డైరీ

ఈ డైరీలో 'నూనె' అంటే మేం పిండి అమ్మేది, 'ఆయిల్' అంటే గేర్‌బాక్స్‌లో పోసేది. మిల్లులో కూడా ఇలాగే అంటాం. ఈ తేడా పాటించకపోతే ఏ క్యాను ఎక్కడికి పోతుందో చెప్పలేం.

యంత్రాల వివరం

కదిరి దగ్గర మాది రెండు చెక్క గానుగల మిల్లు. రెండూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి. తలుపు పక్కన ఉన్నదాన్ని తూర్పు గానుగ అనీ, వెనక గోడ పక్కదాన్ని పడమటి గానుగ అనీ పిలుస్తాం. దిరిసెన చెక్క రోలు గేర్‌బాక్స్ మీద కూర్చుని తిరుగుతుంది, రోకలి నిలబడి ఉంటుంది.

- మోటారు: 3 హెచ్.పి., త్రీ ఫేజ్, 1440 ఆర్.పి.ఎం.
- బెల్టు: 125 మి.మీ. పుల్లీ నుంచి 300 మి.మీ. పుల్లీకి. గేర్‌బాక్స్‌కు అందేది 600 చుట్లు
- వార్మ్ గేర్‌బాక్స్ 40కి 1. రోలు నిమిషానికి 15 చుట్లు
- ఒక వాయి: 15 కిలోల వేరుశెనగ విత్తనాలు (ఎక్కువగా కదిరి-6), 48 నిమిషాలు, 6 కిలోల నూనె అటూ ఇటూ
- రోజుకు ఒక్కో గానుగ మీద 8 వాయిలు, ఏడాదికి 300 రోజులు. అంటే 1,920 గంటలు

వార్మ్ గేర్‌లో స్టీలు మర, గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) చక్రం పళ్ల మీద రాసుకుంటూ జారుతుంది. మామూలు పళ్ల గేర్లలాగా దొర్లదు. అందుకే మోటారు బలంలో పావు వంతు దాకా ఇక్కడే వేడిగా పోతుంది. ఏ ఆయిల్ పోస్తే ఏమవుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు మా మిల్లులో లేదు.

దశ 1: వేడి కొలవడంలోనే మొదటి తప్పు (మే 2024)

మే రెండో వారంలో పడమటి గేర్‌బాక్స్ మీద చెయ్యి పెడితే అర సెకను కూడా ఆగడం లేదు. చుట్టూ కాలిన రబ్బరు వాసన. గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని గురిపెడితే 71 డిగ్రీలు చూపించింది. 71కి ఆ వాసన రాకూడదు.

తప్పు ఎక్కడుందో మూడు రోజులకు తెలిసింది. గేర్‌బాక్స్‌కు వెండిరంగు అల్యూమినియం పెయింటు ఉంది. మెరిసే పైపూత నుంచి వేడి కిరణాలు తక్కువ వస్తాయి, అందుకే థర్మామీటర్ మోసపోతుంది. అదే చోట రెండు అంగుళాల నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, పది నిమిషాలు ఆగి టేపు మీద గురిపెడితే 93! ఇరవై రెండు డిగ్రీల తేడా. అంతకుముందు మూడు రోజులు రాసినవన్నీ కొట్టేశాను.

అప్పటి నుంచి కొలత పద్ధతి ఇది:

1. ప్రతి గేర్‌బాక్స్‌కూ ఒకే చోట, ఆయిల్ మట్టానికి కాస్త కింద, నల్ల టేపు.
2. నాలుగో వాయి ముగిసే ముందు కొలవాలి. అంతకు ముందైతే వేడి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది.
3. షెడ్డు వేడి విడిగా రాసుకోవాలి. గేర్‌బాక్స్ వేడిలోంచి షెడ్డు వేడి తీసేస్తే వచ్చేదే 'పెరుగుదల'. మేలో 41, డిసెంబరు ఉదయం 16 ఉండే ఊరిలో ఉత్త డిగ్రీలు పోల్చి లాభం లేదు.

షెడ్డు ఆ రోజు 41. పడమటిది 93, పెరుగుదల 52. తూర్పుది 91, పెరుగుదల 50.

ఇంకో కొలత ఖర్చు లేనిది. రోలు కదలకుండా కట్టెతో బిగించి, బెల్టు తీసి, గేర్‌బాక్స్ పుల్లీని చేత్తో అటూ ఇటూ ఆడించాలి. అంచు మీద ఎన్ని మిల్లీమీటర్లు వదులుగా ఆడుతుందో టేపుతో చూడాలి. లోపల పళ్ల అరుగుదల ఎంత చిన్నదైనా 40 రెట్లు పెద్దదై పుల్లీ దగ్గర కనిపిస్తుంది. తూర్పు 29 మి.మీ., పడమర 46 మి.మీ. ఒకే వయసు యంత్రాలకు ఇంత తేడా ఉందంటే పడమటి చక్రం బాగానే అరిగింది.

ఖర్చు: థర్మామీటర్ 1,450, టేపు 15.
ఇప్పటికి మొత్తం: రూ. 1,465

దశ 2: సింథటిక్ కన్నా ముందు సరైన చిక్కదనం (మే చివర, జూన్)

పడమటి గేర్‌బాక్స్ ఆయిల్ దించాను. నల్లగా, నీళ్లలాగా పల్చగా కారింది. టీ వడకట్టే తెల్లగుడ్డ మీద పోసి చూస్తే బంగారు పొడి చల్లినట్టు మెరుపు. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి మాత్రం పెద్దగా ఏమీ అంటుకోలేదు. గన్‌మెటల్ అయస్కాంతానికి అంటదు కదా. ప్లగ్గు శుభ్రంగా ఉందని ఎవరైనా సంతోషపడితే వాళ్లను ఈ గుడ్డ పరీక్షకు పంపండి.

కిందటి సర్వీసులో ఏం పోశావని మెకానిక్కుని అడిగాను.

"ఈ.పీ. 90 అన్నా. ట్రాక్టరుకూ అదే, లారీకీ అదే. నీ గానుగకేమైతాది?"

అయ్యేది ఇదీ. బండ్ల గేర్ ఆయిల్‌కు ఉండే 90 అంకె వేరే కొలమానం. మిల్లు యంత్రాల లెక్కలో అది వి.జి. 150కీ 220కీ మధ్య పడుతుంది. మా గేర్‌బాక్స్ నేమ్‌ప్లేటు మీద వి.జి. 460 అని ఉంది, అంటే 40 డిగ్రీల దగ్గర 460 సెంటీస్టోక్స్ చిక్కదనం. బండ్ల ఆయిళ్లలో దానికి దగ్గరగా వచ్చేది 140. పైగా ఈ.పీ. (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) ఆయిల్‌లో గంధకం, భాస్వరం మందులు ఉంటాయి. స్టీలు పళ్లకు అవి రక్షణే గానీ, వేడెక్కేకొద్దీ గన్‌మెటల్‌ను తినడం మొదలుపెడతాయి. పల్చన ఒకటి, మందు ఒకటి, రెండు తప్పులూ ఒకే డబ్బాలో వచ్చాయి. మెకానిక్ మీద కోపం రాలేదు. నేమ్‌ప్లేటు మీద జిడ్డు తుడిచి చదవడం నా పని, అది నేనూ చేయలేదు.

సింథటిక్ కొందామని అప్పటికే ఆశ ఉంది. కానీ తప్పు ఆయిల్ తీసి నేరుగా సింథటిక్ పోస్తే, మార్పు సింథటిక్ వల్ల వచ్చిందో సరైన చిక్కదనం వల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు. అందుకే ముందు రెండింటిలోనూ మామూలు మినరల్ (ముడిచమురు నుంచి తీసిన) వి.జి. 460, వార్మ్ గేర్లకు పనికొచ్చే రకం. 20 లీటర్ల బకెట్ 5,600, అంటే లీటరు 280.

మార్చిన విధానం:

1. నాలుగు వాయిలు ఆడాక, వేడిగా ఉన్నప్పుడే దించాలి. చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది.
2. డ్రెయిన్ ప్లగ్గుతో పాటు పై ప్లగ్గు కూడా తీయాలి, లేకపోతే గుటకలు వేస్తూ కారుతుంది.
3. అదే కొత్త ఆయిల్ ఒకటిన్నర లీటరు పోసి, విత్తనాలు లేకుండా పది నిమిషాలు తిప్పి మళ్లీ దించాలి.
4. డీజిలుతో కడగొద్దు. మెకానిక్కు మాత్రం అదే ఇష్టం: "లీటరు డీజిల్ పోసి తిప్పితే అద్దంలాగైతాది!" అద్దమే, కానీ మూలల్లో మిగిలిన డీజిలు కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది.
5. కొత్త ఆయిల్ పోసి, ఆపి ఉన్నప్పుడు మట్టం చూడాలి.

ఐదో అడుగు దగ్గర నేను బోల్తా పడ్డాను. 'నిండుగా ఉంటే మంచిదే' అని పై ప్లగ్గు దాకా 3.8 లీటర్లు పోశాను. మర్నాడు కొలిస్తే పెరుగుదల 50. ఇంత ఖర్చు పెట్టి పడమటి దానిలో తగ్గింది 2 డిగ్రీలు! బ్రీదర్ (గేర్‌బాక్స్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) లోంచి ఆయిల్ నురగ కక్కుతోంది. ఆయిల్ ఎక్కువైతే చక్రం దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, ఆ చిలకడమే వేడి. 600 మి.లీ. తీసి, ఆయిల్ మట్టం చూపే గేజి అద్దం సగానికి తెచ్చాను, 3.2 లీటర్లు. మర్నాటి పెరుగుదల 43.

ఇంకా రెండు చిల్లర పనులు మిగిలాయి. బ్రీదర్ రంధ్రం శెనగ పొట్టు దుమ్ముతో, జిడ్డుతో చాలావరకు మూసుకుపోయి ఉంది; లోపలి గాలి వేడెక్కి బయటికి సరిగా దారి లేక సీళ్ల మీద (షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్లు) ఒత్తుతోంది. కొత్తవి పెట్టాను. గేర్‌బాక్స్ ఒంటి మీద రెక్కల మధ్య దుమ్మూ నూనే కలిసి పెచ్చు కట్టాయి, వేలు మందం. వైరు బ్రష్షుతో గీకి తుడిచాక పడమటి పెరుగుదల 40, తూర్పుది 39.

దీన్ని అండర్‌లైన్ చేసి రాసుకున్నాను: 52 నుంచి 40. సింథటిక్ చుక్క కూడా పోయకుండానే 12 డిగ్రీలు తగ్గాయి. మినరల్ ఆయిల్‌కు ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు వేసే మోటు లెక్క. అలా చూస్తే సరైన ఆయిలూ, సరైన మట్టమూ, గీకుడు బ్రష్షూ కలిస్తే అవే పెద్ద సింథటిక్.

ఖర్చు: బకెట్ 5,600, బ్రీదర్లు రెండు 240, బ్రష్షు, గుడ్డలు 90.
ఇప్పటికి మొత్తం: రూ. 7,395

దశ 3: కరెంటు లెక్క, ఒక దొంగ ఆనందం (జూన్, జులై)

సింథటిక్ వల్ల కరెంటు ఆదా అవుతుందని అమ్మేవాళ్లంతా చెబుతారు. ముందు క్లాంప్ మీటరు పెట్టి చూశాను. రెండు గానుగలకూ 3.4 ఆంపియర్లు, ఏం చేసినా 3.4 చుట్టే. మోటారు సగం బరువు మీద తిరిగేటప్పుడు బరువు కాస్త తగ్గినా ఆంపియర్లు పెద్దగా కదలవు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) మారుతుంది. ఈ పనికి క్లాంప్ మీటరు దండగ. రెండు మోటార్లకూ విడివిడిగా త్రీ ఫేజ్ సబ్‌మీటర్లు పెట్టించాను. వాయికి ఎన్ని యూనిట్లో చూడడమే సరైన దారి.

వాయికీ వాయికీ తేడా చాలా ఉంది. విత్తనాల్లో తేమ, పిండి కట్టడానికి చల్లే నీళ్లు, రోకలి బరువు, చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) ఎప్పుడు తీశామన్నది, అన్నీ మీటరులో కనిపిస్తాయి. ఒకే రోజు 1.22 నుంచి 1.41 దాకా చూశాను. అందుకని ఒకే లాటు బస్తాలు పక్కన పెట్టి, రెండు గానుగల మీదా 40 వాయిలు ఆడించి సగటు తీశాను.

తూర్పు: వాయికి 1.31 యూనిట్లు
పడమర: వాయికి 1.33 యూనిట్లు

ఇదీ మినరల్ 460 మీద మూల లెక్క.

దొంగ ఆనందం సంగతి. జులై మధ్యలో పడమటి దానిలో సింథటిక్ పోసిన మొదటి రోజు ఆరు వాయిలకే సగటు వేస్తే 1.18 వచ్చింది, 11 శాతం ఆదా! ఇంట్లో చెప్పేశాను కూడా. రెండు రోజులయ్యాక గుర్తొచ్చింది, ఆ ఆరు వాయిలూ వేరే రైతు తెచ్చిన బాగా ఎండిన విత్తనాలు. అదే విత్తనం తూర్పు గానుగలో ఆడిస్తే అదీ 1.21 చూపించింది. ఆ రోజు లెక్కంతా కొట్టేశాను.

ఖర్చు: సబ్‌మీటర్లు 3,800, ఎలక్ట్రీషియను 500.
ఇప్పటికి మొత్తం: రూ. 11,695

దశ 4: ఏ సింథటిక్? (జులై, ఆగస్టు)

'సింథటిక్' అన్న మాట డబ్బా మీద ఉంటే సరిపోదు. మూలద్రవ్యాలను (మందులు కలపకముందు ఉండే అసలు ఆయిల్) ఐదు గ్రూపులుగా చూస్తారు: 1, 2, 3 ముడిచమురు నుంచి శుద్ధి చేసినవి, 4 అంటే పి.ఎ.ఓ. (పాలీఆల్ఫాఓలెఫిన్, రసాయనికంగా తయారుచేసేది), మిగిలినవన్నీ 5. గ్రూపు 3 బాగా శుద్ధి చేసిన ముడిచమురు సరుకే అయినా దాన్నీ సింథటిక్ అనవచ్చని 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య ప్రకటనల తగాదాలో తీర్పు వచ్చింది. అందుకే ఇంజన్ ఆయిల్ డబ్బాల మీద ఆ మాట అంత ధారాళంగా కనిపిస్తుంది. గేర్ ఆయిల్ కొనేటప్పుడు మూలద్రవ్యం ఏమిటని అడగండి.

వార్మ్ గేర్లకు నిజంగా పోటీ రెండింటి మధ్యే.

పి.ఎ.జి. (పాలీఆల్కిలీన్ గ్లైకాల్, గ్రూపు 5): జారుడుకు దీన్ని మించింది లేదు. వేడికి పల్చబడటం చాలా తక్కువ, చిక్కదనం సూచిక (ఎంత పెద్దదైతే వేడికి అంత తక్కువ పల్చబడుతుంది) 200 దాటుతుంది. కానీ మినరల్ ఆయిల్‌తో కలవదు, మిగిలిన పాత ఆయిల్‌తో మడ్డి కడుతుంది. కొన్ని రకాల పెయింటునూ సీళ్లనూ పాడు చేస్తుంది.

పి.ఎ.ఓ.: జారుడులో పి.ఎ.జి. తర్వాతే. సూచిక 150 చుట్టూ, మినరల్‌ది 95 చుట్టూ. 100 డిగ్రీల దగ్గర మినరల్ 460 సుమారు 30 సెంటీస్టోక్స్‌కు పడిపోతే ఇది 40 పైనే నిలుస్తుంది. మినరల్‌తో కలిసిపోతుంది.

కాగితం మీద పి.ఎ.జి.దే గెలుపు. కానీ మా మిల్లులో ఆయిల్ మట్టం చూసేది గానుగ దగ్గరుండే పిల్లోడు. చేతికందిన క్యాను వంచే అలవాటు వాడిది. అందుకే పి.ఎ.ఓ. తీసుకున్నాను. అందులోనూ ఆహారానికి పొరపాటున తగిలినా ఫర్వాలేని హెచ్1 రకం. సీలు కారితే ఆయిల్ కిందికే పోతుంది, రోట్లోకి రాదు. అయినా తిండి సరుకు చేసే చోట ఆ కాగితం ఉండడం మేలు. 5 లీటర్ల క్యాను 5,400, లీటరు 1,080. మినరల్‌కు దాదాపు నాలుగు రెట్లు.

పోయడం:

1. పడమటి దానిలో మినరల్ వేడిగా దించి, ప్లగ్గు తెరిచి రాత్రంతా వదిలేశాను.
2. సింథటిక్‌తో కడగలేదు. రెండూ కలిసేవే, చెంచాడు మిగిలినా నష్టం లేదు. లీటరు 1,080 పెట్టి కడగడానికి మనసు రాలేదు కూడా.
3. అద్దం సగానికి 3.2 లీటర్లు.
4. నిలువు షాఫ్టు పై బేరింగుకు ఆయిల్ అందదు, దానికి విడిగా గ్రీజు నిపుల్ ఉంది. రెండు స్ట్రోకులు. చాలామంది దీన్ని మరిచిపోతారు.

మూడో రోజు ఇన్‌పుట్ షాఫ్టు సీలు దగ్గర చుక్కలు. సింథటిక్ పల్చనగా ఉండి కారుతోందని మెకానిక్ తేల్చేశాడు. చిక్కదనం అదే 460, ఆ మాట నిజం కాదు. సీలు విప్పితే, షాఫ్టును ఒత్తుకుని ఉండే దాని పెదవి గోరుతో నొక్కినా వంగనంత గట్టిపడి ఉంది. 93 డిగ్రీల్లో కాలిన రబ్బరు అది. మినరల్ ఆయిల్ రబ్బరును కాస్త ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బుతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. పి.ఎ.ఓ. అంతగా ఉబ్బించదు, దాంతో ఖాళీ బయటపడింది. షాఫ్టు మీద పెదవి రాసుకున్న చోట గోరుకు తగిలే గాడి కూడా ఉంది. కొత్త సీలు 25-47-7 సైజు, 70 రూపాయలు. దాన్ని పాత లోతుకు కాకుండా 2 మి.మీ. బయటికి కూర్చోబెట్టించాను, పెదవి గాడి మీద పడకుండా. ఆ తర్వాత చుక్క లేదు. సింథటిక్‌కు మారేవాళ్లు సీలు ముందే కొని పెట్టుకోండి, దానికోసం మాకు ఒకటిన్నర రోజు గానుగ ఆగింది.

ఖర్చు: ఆయిల్ 5,400, కొరియరు 220, సీళ్లు రెండు 140, మెకానిక్ 400.
ఇప్పటికి మొత్తం: రూ. 17,855

దశ 5: ఫలితాలు (ఆగస్టు నుంచి ఫిబ్రవరి 2025)

ఈసారి ఒకే లాటు, 60 వాయిలు.

పడమర, మినరల్ 460: పెరుగుదల 40, వాయికి 1.33 యూనిట్లు
పడమర, పి.ఎ.ఓ. 460: పెరుగుదల 31, వాయికి 1.27 యూనిట్లు
తూర్పు, మినరల్ 460 (మార్చలేదు): పెరుగుదల 39, వాయికి 1.31 యూనిట్లు

9 డిగ్రీలు, వాయికి 0.06 యూనిట్లు. దాదాపు నాలుగున్నర శాతం. తూర్పుది కదలకుండా నిలబడింది కాబట్టి ఈ అంకెను నమ్ముతున్నాను.

డిసెంబరులో అనుకోని తేడా ఒకటి. ఉదయం ఆరు గంటలకు షెడ్డు 16 డిగ్రీలు. తూర్పు గానుగ స్విచ్చి వేయగానే బెల్టు మూడు నాలుగు సెకన్లు కీచుమని జారుతుంది, లోపల మినరల్ పాకంలా గడ్డకట్టినంత పని. పడమటిది చప్పుడు లేకుండా కదిలింది.

ఫిబ్రవరిలో రెండింటి నుంచీ 50 మి.లీ. తీసి తెల్లగుడ్డ మీద పోశాను. తూర్పుది టీ డికాక్షన్ రంగు, కొద్దిగా మెరుపు. పడమటిది తేనె రంగు, మెరుపు దాదాపు లేదు. పుల్లీ ఆట తూర్పు 29 నుంచి 31కి, పడమర 46 నుంచి 47కి. నా చేతి కొలతలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది కాబట్టి దీన్ని ఫలితంగా రాయడం లేదు, వచ్చే ఏడాది మళ్లీ కొలవడానికి గుర్తుగా రాశాను. ల్యాబ్ పరీక్ష చేయించలేదు.

ఇక డబ్బు, ఒక్కో గానుగకు:

1. కరెంటు ఆదా: 0.06 × 8 వాయిలు × 300 రోజులు = ఏడాదికి 144 యూనిట్లు. మా బిల్లును యూనిట్లతో భాగిస్తే 8 రూపాయలు పడుతోంది. ఏడాదికి 1,152.
2. మినరల్ ఏడాదికోసారి మార్చాలి: 3.2 లీటర్లు × 280 = 896. రెండేళ్లకు 1,792.
3. పి.ఎ.ఓ. రెండేళ్లు ఉంచుదామని: 3.2 × 1,080 = 3,456.
4. రెండేళ్లలో ఆయిల్ మీద అదనం 1,664, కరెంటు మీద మిగులు 2,304. చేతికొచ్చేది 640 రూపాయలు.

రెండేళ్లకు 640! అమ్మేవాళ్లు చెప్పే ఆదాతో గానుగ యజమాని బాగుపడడు. మరి ఎందుకు ఉంచుతున్నానంటే గన్‌మెటల్ చక్రం. కొత్తది 9,500 అడిగారు, కూలి వేరే, పని ఆగిన రోజులు వేరే. మే నెలలో షెడ్డు 41 ఉన్నప్పుడు పడమటి గేర్‌బాక్స్ 81 కాకుండా 72 దగ్గర ఉంటుంది. ఆ 9 డిగ్రీల కోసమే ఆయిల్ మీద ఆ అదనం పెడుతున్నాను. మీ యంత్రం రోజుకు రెండు గంటలే తిరిగితే, చెయ్యి ఆనించి ఉంచగలిగే వేడే ఉంటే, సరైన చిక్కదనం ఉన్న మినరల్ చాలు.

ఉదాహరణకు మా జెనరేటరు. ఏడాదికి 60 గంటలు కూడా తిరగదు. దాని ఆయిల్ గంటలు నిండి కాదు, ఏడాది నిండి మారుస్తాం. అందులో సింథటిక్ పోస్తే ఖరీదైన ఆయిల్ కొత్తగా ఉండగానే పారబోసినట్టు. దానికి మామూలు 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజన్ ఆయిలే.

దశ 6: క్యాన్ల గొడవ (ఫిబ్రవరి చివర)

అనుకున్నంతా అయింది. పడమటి అద్దంలో మట్టం కాస్త దిగిందని మా పిల్లోడు మినరల్ బకెట్‌లోంచి 150 మి.లీ. పోశాడు. "రెండూ పచ్చగానే ఉన్నాయి కదన్నా" అన్నాడు. 3.2 లీటర్లలో 150 అంటే అయిదు శాతం లోపే. మర్నాడు కొలిస్తే పెరుగుదల 31, నురగ లేదు, మడ్డి లేదు. పి.ఎ.జి. పోసి ఉంటే ఆ రోజే మొత్తం దించి కడగాల్సి వచ్చేది.

మర్నాడు ఎర్ర పెయింటు తెచ్చి పడమటి గేర్‌బాక్స్ ప్లగ్గుకూ, సింథటిక్ క్యాను మూతకూ, దాని గరాటుకూ పూశాను. క్యానులో ఇంకా 1.8 లీటర్లు ఉంది. తూర్పుది మే లోపు మార్చాలి, దానికి ఇంకో 5 లీటర్ల సింథటిక్ చెప్పాను. 25-47-7 సీలు ఒకటి ఇప్పటికే అల్మరాలో ఉంది.